చెంచా ఎవరిది, సూట్‌కేసు ఎవరిది? నాజీ శిబిరాల్లో మిగిలిన ఇంటి సామాను కథ

2025 నవంబరులో జర్మనీలో ఒక వేలం ఆఖరి ఘడియలో ఆగిపోయింది. అమ్మకానికి పెట్టిన వాటిలో నాజీ శిబిరాల ఖైదీలు ఇళ్లకు రాసిన ఉత్తరాలు, వాళ్ల పేర్లతో ఉన్న కాగితాలు ఉన్నాయి. శిబిరాల నుంచి బతికి బయటపడినవాళ్ల తరఫున అభ్యంతరాలు వచ్చాయి, పోలండ్ ప్రభుత్వం కూడా కలగజేసుకుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2021లో, ఇజ్రాయెల్‌లో కొన్ని ఉక్కు అచ్చులు వేలానికి వచ్చాయి. పోలండ్‌లోని ఆష్‌విట్జ్ శిబిరం ఖైదీల ఒంటి మీద నంబర్లు పొడవడానికి వాడినవని వాటి గురించి చెప్పారు. ఆ వేలాన్ని కోర్టు ఆపించింది. ఇంకా వెనక్కి వెళితే, 2015లో ఆష్‌విట్జ్ చూడబోయిన ఇద్దరు బ్రిటిష్ విద్యార్థులు నేల మీద కనిపించిన గుండీలు, గాజుముక్కలు జేబులో వేసుకుని పోలీసులకు చిక్కారు.

ఇలాంటి వార్త పక్కన తరచూ పడే ఫొటో ఒకటుంది. అద్దం వెనక చెప్పుల గుట్టో, సూట్‌కేసుల గుట్టో కనిపిస్తుంది. "ఖైదీలు దాచుకున్న వస్తువులు" అని కింద రాస్తే చదివేవాళ్లకు అనుమానం రాదు. కానీ ఆ మూడు మాటల్లో రెండు తప్పులున్నాయి. ఆ గుట్టల్లో చాలాభాగం ఖైదీలవి కావు, వాళ్లు దాచుకున్నవీ కావు.

ఖైదీ ఎవరు, ఖైదీ కూడా కానిది ఎవరు

ముందు మాటలు తేల్చుకుందాం. నాజీ జర్మనీ, దానికి తోడ్పడినవాళ్లు కలిసి యూరప్‌లోని సుమారు 60 లక్షల మంది యూదులను పథకం ప్రకారం చంపడాన్ని హోలోకాస్ట్ అంటున్నాం. హీబ్రూలో దాని పేరు షోవా. రోమా జనం, పోలండ్ పౌరులు, సోవియట్ యుద్ధఖైదీలు, రాజకీయ విరోధులు కూడా ఇదే యంత్రాంగం చేతుల్లో పెద్ద సంఖ్యలో చనిపోయారు.

అన్నింటినీ కలిపి "క్యాంపు" అనేస్తాం గానీ, అవి ఒక్క రకం కావు. ఊళ్లో ఒక పేటను వేరుచేసి యూదులను అందులో కుక్కితే అది ఘెట్టో. అక్కడ జనం కాస్తో కూస్తో సొంత సామానుతోనే ఉండేవారు. డాహౌ, బుఖెన్‌వాల్డ్, రావెన్స్‌బ్రూక్ లాంటివి నిర్బంధ శిబిరాలు. అక్కడ మనిషికి నంబరిచ్చి, సొంత బట్టలు తీసేసుకుని, చాకిరీ చేయించేవారు. త్రెబ్లింకా, సోబిబోర్, బెల్జెక్ చంపడానికే కట్టిన చోట్లు. రైలు దిగినవాళ్లలో దాదాపు అందరినీ కొద్ది గంటల్లోనే చంపేసేవారు. ఆష్‌విట్జ్‌లో ఈ రెండు పనులూ జరిగాయి.

ఆ తేడా లెక్కల్లో చూస్తే బాగా తెలుస్తుంది. ఆష్‌విట్జ్‌కు సుమారు 13 లక్షల మందిని తీసుకొచ్చారు. వాళ్లలో ఖైదీలుగా నమోదై నంబరు పడింది దాదాపు 4 లక్షల మందికే. మిగిలినవాళ్లలో అత్యధికులైన యూదుల్ని రైలు దిగిన రోజే గ్యాస్ గదులకు తోలారు. వాళ్లకు నంబరు పడలేదు, తిండిగిన్నె అందలేదు, ఒక్క రాత్రి పడక కూడా దక్కలేదు. మ్యూజియంలో మనం చూసే గుట్టలు ఎక్కువగా వాళ్లవే.

కాబట్టి శిబిరంలో దొరికిన ఏ వస్తువు విషయంలోనైనా అది ఏ దారిన వచ్చిందో ముందు అడగాలి. ఇంటి నుంచి తెచ్చుకుంటే లాక్కున్నదా? శిబిరం వాళ్లిచ్చినదా? లోపల దొంగచాటుగా సంపాదించుకున్నదా, చేసుకున్నదా? ఒకే రకం చెంచా ఈ మూడు దారుల్లో ఎటునుంచైనా వచ్చి ఉండొచ్చు.

చావబోయేవాళ్లు మూకుడు ఎందుకు పట్టుకెళ్లారు

ఆష్‌విట్జ్ మ్యూజియంలో 12 వేలకు పైగా వంట సామాన్లు, సుమారు 3,800 సూట్‌కేసులు, లక్షా 10 వేల బూట్లు-చెప్పులు, 40 కిలోల కళ్లద్దాలు ఉన్నాయి. వీటిలో నన్ను ఎక్కువసేపు ఆపేవి చెప్పులు కావు, గిన్నెలు. చెప్పులు ఎలాగూ కాళ్లకు ఉంటాయి. గిన్నె మాత్రం ఎవరో ఎంచి, బరువు చూసుకుని, వేరొకటి తీసి పక్కన పెట్టి మరీ సర్దుకున్నది. వెళ్లినచోట పొయ్యి ఉంటుందని నమ్మినవాళ్లే గిన్నె సర్దుతారు.

అలా నమ్మించారు. తూర్పు దేశాల్లో పని ఉందని, అక్కడే కొత్త నివాసమని చెప్పారు. చెక్ ప్రాంతాల నుంచి తెరెజీన్ ఘెట్టోకు పంపేటప్పుడు మనిషికి 50 కిలోల సామానుకు అనుమతి ఇచ్చారు. ఆ 50 కిలోల్లో దుప్పటి పట్టాలి, చలికోటు పట్టాలి, పసివాడి సామాను పట్టాలి, వంటగిన్నె పట్టాలి. సూట్‌కేసు మీద పేరు, పుట్టిన తేదీ పెద్ద అక్షరాల్లో రాయించారు. పేరు రాయమన్నారంటే సామాను తిరిగి ఇస్తారనే కదా ఎవరైనా అనుకుంటారు! మ్యూజియంలోని సూట్‌కేసుల్లో 2,100 దాకా ఇప్పటికీ ఆ పేర్లు చదవొచ్చు.

1967లో ఆష్‌విట్జ్‌లో భాగమైన బిర్కెనావ్‌లో ఒక గ్యాస్ గది, దహనశాల శిథిలాల దగ్గర తవ్వితే 16 వేలకు పైగా చిన్న వస్తువులు బయటపడ్డాయి. థర్మామీటర్లు, మందుసీసాలు, బ్రష్షులు, పొగాకు పైపులు, చాకులు, తాళంచెవులు. అవి వార్సాలో 48 పెట్టెల్లో దశాబ్దాలపాటు ఉండిపోయి 2016లో మ్యూజియానికి చేరాయి. ఆ తాళంచెవులు పట్టుకొచ్చినవాళ్లు ఇంటికి తాళం వేసి బయల్దేరారు.

గొడుగులు, థర్మాస్‌లు, దువ్వెనల మీద ఒక ఉత్తర్వు

లాక్కున్న సామాను ఏమైంది? కాపలావాళ్లు తలా ఇంత పంచుకున్నారని చాలామంది అనుకుంటారు. సొంత జేబులు నింపుకున్నవాళ్లు లేకపోలేదు, కానీ అసలు దోపిడీ కాగితాల మీద, ఆఫీసు పద్ధతిలో జరిగింది. 1942 సెప్టెంబరు 26న, శిబిరాలను నడిపిన నాజీ దళం ఎస్ఎస్‌లో అధికారి అయిన ఆగస్ట్ ఫ్రాంక్, పోలండ్‌లోని లుబ్లిన్, ఆష్‌విట్జ్ పాలనాధికారులకు ఒక ఉత్తర్వు పంపాడు. గడియారాలు, పెన్నులు, క్షురకత్తులు, కత్తెరలు, టార్చిలైట్లు బాగుచేయించి యుద్ధరంగంలోని సైనికులకు పంపాలి. పరుపులు, దుప్పట్లు, గొడుగులు, చేతికర్రలు, థర్మాస్‌లు, పసిపిల్లల బండ్లు, దువ్వెనలు, అద్దాలు, కత్తులు, ఫోర్కులు, చెంచాలు జర్మన్ సంతతి వలసదారులకు చేరాలి. బట్టల మీద కుట్టిన యూదుల నక్షత్రం గుర్తు విప్పేయాలి.

ఆ ఉత్తర్వులోనే ఇంకో ఆదేశం ఉంది. ఇకమీదట రాతకోతల్లో ఈ సామానును యూదుల ఆస్తి అనకూడదు, దొంగసొత్తు, దాచిపెట్టిన సరుకు అని రాయాలి. దోచినవాడు సొంతదారును దొంగగా రాసుకున్నాడన్నమాట.

ఆష్‌విట్జ్‌లో ఈ సామాను వేరుచేసే గోదాములకు ఖైదీలు "కనడా" అని పేరు పెట్టారు. వాళ్ల ఊహలో కెనడా సిరులు పండే దేశం. 1945 జనవరిలో పారిపోయేముందు ఎస్ఎస్ వాళ్లు ఆ గోదాములకు నిప్పుపెట్టారు, అవి రోజుల తరబడి కాలాయి. జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేనాటికి అగ్గి వదిలినవే మిగిలాయి. ఇవాళ అద్దం వెనక ఉన్నది జర్మనీకి పంపగా, కాలగా మిగిలిన శేషం.

చెంచా ఖరీదు సగం రొట్టె

ఇక నంబరు పడ్డ ఖైదీ సంగతి. ఆష్‌విట్జ్‌లో పొద్దున కాఫీ పేరుతో అరలీటరు నల్లనీళ్లు, మధ్యాహ్నం లీటరు లోపు పలచటి సూపు, రాత్రి 300 గ్రాముల లోపు నల్లరొట్టె ఇచ్చేవారు. గిన్నె లేనివాడికి సూపు లేదు. అందుకే గిన్నెను తాడుతో నడుముకు కట్టుకుని తిరిగేవారు, తలకింద పెట్టుకుని పడుకునేవారు. బిర్కెనావ్ ఆడవాళ్ల బారకాసుల్లో రాత్రి బయటికి వెళ్లే వీలు లేనప్పుడు అదే గిన్నె ఇంకో అవసరానికి కూడా వాడాల్సి వచ్చిందని బతికొచ్చినవాళ్లు చెప్పారు. తెల్లవారాక మళ్లీ అందులోనే తినాలి.

చెంచా మాత్రం ఇచ్చేవారు కాదు. ఆష్‌విట్జ్ పరిధిలోని మోనోవిట్జ్‌లో ఖైదీగా ఉన్న ఇటాలియన్ రసాయన శాస్త్రవేత్త ప్రిమో లెవి ఈ చెంచా గురించి వివరంగా రాశాడు. చెంచా లేకపోతే సూపును కుక్కలా నాకాలి. లోపలి చాటుబజారులో చెంచా ఖరీదు ఒకరోజు రొట్టె వాటాలో సగం, లేదా లీటరు సూపు. కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇంకా ఎక్కువ గుంజేవారు. సంపాదించినవాళ్లు చెంచా కాడను రాతి మీద నూరి పదును పెట్టుకునేవారు. ఒక కొసతో తినడం, రెండో కొసతో రొట్టె కోయడం.

లెవి ఇంకో సంగతి చెప్పాడు. శిబిరం విముక్తమయ్యాక గోదాములో చూస్తే వేలకొద్దీ కొత్త ప్లాస్టిక్ చెంచాలు, వాటితోపాటు జనం సామాన్లలోంచి తీసిన అల్యూమినియం, స్టీలు, వెండి చెంచాలు పదుల వేలల్లో ఉన్నాయి. అంటే కొరత కాదు, కావాలని చేసిన అవమానమే అని ఆయన తేల్చాడు. దీన్ని ఇంకోలా కూడా చదవొచ్చు. ఫ్రాంక్ ఉత్తర్వు జాబితాలో చెంచాలున్నాయి గుర్తుందా? అవి అప్పటికే ఎవరికో రాసిపెట్టిన సరుకు. ఖైదీకి ఇవ్వాలన్న ఆలోచనే ఆ లెక్కల పుస్తకంలో లేదు. అవమానించాలన్న ఉద్దేశం, మనిషిని లెక్కలోకే తీసుకోని ఆఫీసు మొద్దుతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువో దూరం నుంచి తేల్చడం తేలిక కాదు. నాకు మటుకు, సూపు నాకవలసి వచ్చినవాడి మాటకే బరువు ఎక్కువనిపిస్తుంది.

దొంగిలించడం వేరు, "ఆర్గనైజ్" చేయడం వేరు

శిబిరాల యాసలో "ఆర్గనైజ్" అనే మాటకు మామూలు అర్థం పోయి కొత్తది వచ్చింది. గోదాములోంచో, వంటశాలలోంచో, ఫ్యాక్టరీలోంచో శిబిరం సొత్తు దొంగచాటుగా తెచ్చుకోవడం ఆర్గనైజ్ చేయడం. దాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు, చేతనైనవాడిని మెచ్చుకునేవారు కూడా. పక్కవాడి రొట్టె తీస్తే అది దొంగతనం. దానికి తోటి ఖైదీలే తీర్పు చెప్పేవారు.

అయితే ఈ గీత చెప్పినంత తిన్నగా ఉండేది కాదు. కనడాలో పనిచేసిన ఖైదీలకు దువ్వెన, సబ్బుముక్క, మేజోళ్లు చిక్కేవి. అవి చనిపోయినవాళ్ల సామాను. ఆ వస్తువు చేతులు మారి రొట్టె అవుతుంది, రొట్టె ఇంకో పూట ప్రాణం అవుతుంది. అదే సమయంలో కనడా పని దొరికినవాడికి, దొరకనివాడికి మధ్య ఖైదీల్లోనే ఎక్కువతక్కువలు పుట్టేవి. బతికొచ్చినవాళ్లలో కొందరు దీన్ని గర్వంగా చెప్పుకున్నారు. కొందరు చాలాకాలం నోరు విప్పలేదు.

గుండు గీసిన తలకు దువ్వెనా?

జెరూసలేంలోని యాద్ వషేమ్, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం సేకరణల్లో ఖైదీలు చేసుకున్న దువ్వెనలున్నాయి. చాలాచోట్ల రాగానే తల గొరిగేవారు కదా, దువ్వెన ఎందుకు? జుట్టు మళ్లీ మొలుస్తుంది. మొలిస్తే పేలు పడతాయి, పేల వెంట టైఫస్ అనే విషజ్వరం వస్తుంది. దీనికితోడు, పనికొచ్చేవాళ్లెవరో రానివాళ్లెవరో ఏరే రోజున మనిషి చూపులకు కాస్త తేరుకున్నట్టు కనిపించాలి. దువ్వెన సోకు కోసమని మనకు అనిపించవచ్చు, అక్కడ దాని పని వేరు.

అన్నీ ప్రాణావసరాలే అనుకున్నా పొరపాటే. రావెన్స్‌బ్రూక్ ఆడవాళ్లు టూత్‌బ్రష్ కాడలను చెక్కి వేలిగోరంత బొమ్మలు చేశారు. వాటితో ఆకలి తీరదు. దొరికితే శిక్ష మాత్రం ఖాయం.

ఇలాంటివాటిలో బాగా పేరుపొందినది 1944 డిసెంబరు నాటి చిన్న పుస్తకం. ఆష్‌విట్జ్‌లో ఆయుధ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయికి 20 ఏళ్లు నిండాయి. తోటి అమ్మాయిలు కాగితాన్ని హృదయం ఆకారంలో కత్తిరించి, ఊదారంగు గుడ్డతో అట్టకట్టి, పైన ఆమె పేరులోని మొదటి అక్షరం దారంతో కుట్టారు. లోపల పోలిష్, జర్మన్, ఫ్రెంచ్, హీబ్రూ భాషల్లో శుభాకాంక్షలు రాశారు. కాగితం, పెన్సిలు, కత్తెర, దారం, ఒక్కోటీ ఒక్కో నేరం. కొద్ది వారాలకే శిబిరం ఖాళీ చేయించి ఖైదీలను మంచులో నడిపించారు. ఆమె దాన్ని చంకలో దాచుకుని నడిచింది. ఇప్పుడది మాంట్రియల్ హోలోకాస్ట్ మ్యూజియంలో ఉంది. "ఖైదీ దాచుకున్న వస్తువు" అన్న మాట నిక్కంగా వర్తించేది ఇలాంటివాటికి. ఇవి అరచేతిలో ఇమిడేంత చిన్నవి, ఎన్నో లేవు.

నోటితో వంట

తెరెజీన్‌లో మినా పేఖ్తర్ అనే డెబ్భై దాటిన ఆవిడ, ఇంకొందరు ఆడవాళ్లు ఆకలితో అలమటిస్తూ ఇంటి వంటకాలు కాగితాల మీద రాసుకున్నారు. కేకులు, డంప్లింగులు, బాతు కూరలు. ఒకరు చెబితే ఇంకొకరు కాదని దిద్దేవారు. బతికొచ్చినవాళ్లు దాన్ని "నోటితో వంట" అన్నారు. మినా 1944లో అక్కడే చనిపోయింది. కూతురికి చేర్చమని ఆవిడ అప్పగించిన ఆ కాగితాలు చేతులు మారుతూ పాతికేళ్లకు, 1969లో, న్యూయార్క్‌లోని కూతురికి అందాయి.

1996లో అవి అచ్చయినప్పుడు దీన్ని వంటల పుస్తకం అనవచ్చా అన్న చర్చ లేచింది. కొన్ని వంటకాల్లో దినుసులు తప్పిపోయాయి, కొన్నిచోట్ల వరుస చెదిరింది. ఆకలితో చనిపోయినవాళ్ల కాగితాలను పెట్టుకుని మన వంటింట్లో కేకు చేసుకోవడం ఏం మర్యాద అని కొందరికి అనిపించింది. రాసింది కూతురి కోసమే కదా, వండుకోమనే కదా అన్నది రెండో వైపు మాట. రెండింటిలోనూ నిజం ఉంది. రాసిన చేయి ఆకలిలో ఉన్నప్పుడు దినుసు మరచిపోవడం కూడా ఆ కాగితాలు మనకు చెబుతున్న సంగతే కాబట్టి, దిద్దకుండా అచ్చువేయడం మంచిదైంది.

కవర్లలో మిగిలిన గడియారాలు

జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్ ఊళ్లో నాజీ బాధితుల రికార్డులు భద్రపరిచే ఆరోల్సెన్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ కవర్లలో చేతిగడియారాలు, ఉంగరాలు, పర్సులు, కుటుంబం ఫొటోలు ఉన్నాయి. 2016 నుంచి వారసులను వెతికి వాటిని అప్పగిస్తున్నారు. ఇది విని, "అంటే ఖైదీల సామాను జాగ్రత్తగానే పెట్టారన్నమాట" అనుకునేవాళ్లుంటారు.

ఆ కవర్లు ఎక్కువగా నాయెన్‌గామె శిబిరానివి. సొంతదారుల్లో ఎక్కువమంది రాజకీయ ఖైదీలు, పోలండ్, సోవియట్ ప్రాంతాల నుంచి చాకిరీకి తెచ్చినవాళ్లు. వాళ్ల వస్తువులకు చీటీ రాసి కవరులో పెట్టే పద్ధతి ఉండేది. యూదుల వస్తువులకు చీటీ లేదు. తీసుకున్న క్షణమే అవి ప్రభుత్వ సొత్తు. అందుకే ఆ కవర్లలో యూదుల పేర్లు అరుదు. ఎవరి గడియారం మిగిలింది, ఎవరిది మిగల్లేదు అన్నదాంట్లోనే నాజీల వర్గీకరణ కనిపిస్తోంది.

చెప్పులు లెక్కపెట్టి మనుషుల్ని లెక్కించవచ్చా?

లెక్కించలేం. ఆష్‌విట్జ్‌నే తీసుకుందాం. లక్షా 10 వేల చెప్పులంటే, జతలుగా చూస్తే 55 వేల మంది. అక్కడ చనిపోయింది సుమారు 11 లక్షల మంది. ఇరవై వంతుల తేడా వస్తోంది, ఎందుకంటే ఎక్కువభాగం ఎప్పుడో తరలించారు.

లుబ్లిన్ పక్కనున్న మైదానెక్ శిబిరంలో దీనికి తలకిందుల పొరపాటు జరిగింది. 1944 జులైలో సోవియట్ సైన్యం అక్కడికి చేరినప్పుడు లక్షల్లో చెప్పులు కనిపించాయి. వెంటనే జరిపిన విచారణ మృతుల సంఖ్యను 15 లక్షలన్నది. అలా అనుకోవడానికి ఆ చెప్పుల గుట్టలూ ఒక కారణం. కానీ లుబ్లిన్ ఇతర హత్యా శిబిరాల సామాను వచ్చి చేరే కేంద్రం. మైదానెక్‌లో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ల చెప్పులు కూడా అక్కడ ఉన్నాయి. 1948లో సంఖ్యను 3 లక్షల 60 వేలకు సవరించారు. 2005లో మైదానెక్ మ్యూజియం పరిశోధన దాన్ని సుమారు 78 వేలకు తెచ్చింది. వాళ్లలో దాదాపు 59 వేల మంది యూదులు.

హోలోకాస్ట్ జరగలేదనేవాళ్లు ఈ సవరణను పట్టుకుని "చూశారా, సంఖ్యలు తగ్గిస్తున్నారు" అంటారు. 60 లక్షల లెక్క మైదానెక్ చెప్పుల మీద కట్టినది కాదు. అది జనాభా లెక్కలు, రైళ్ల జాబితాలు, జర్మన్ల సొంత రికార్డుల మీద నిలబడింది. చెప్పులు దోపిడీకి సాక్ష్యం. మృతుల సంఖ్యకు అవి కొలబద్ద కావు.

ఇప్పుడు ఎవరి దగ్గర ఉండాలి

2005లో పారిస్‌లో ఒక ప్రదర్శనకు వెళ్లిన ఒకాయనకు అక్కడి సూట్‌కేసు మీద తండ్రి పేరు కనిపించింది. ఆష్‌విట్జ్ మ్యూజియం దాన్ని అరువిచ్చింది. అది మళ్లీ ఆష్‌విట్జ్‌కు వెళ్లడానికి వీల్లేదని ఆయన కోర్టుకెళ్లాడు. పేరుతో మిగిలినవి చాలా కొద్ది, నేరం జరిగిన చోట సాక్ష్యంగా ఉండాలి, ఒకటి ఇస్తే అన్నీ ఇవ్వాల్సి వస్తుందని మ్యూజియం వాదించింది. కొడుకుకు అది సాక్ష్యం కాదు, నాన్న పెట్టె. 2009లో రాజీ కుదిరింది. సూట్‌కేసు మ్యూజియం సొత్తుగానే ఉంటుంది, దీర్ఘకాలిక అరువు మీద పారిస్‌లో ఉంటుంది. ఎవరూ పూర్తిగా గెలవలేదు.

వేలాల విషయంలోనూ ఇలాంటి రెండు వైపులే ఉన్నాయి. సేకర్తలు కొనకపోతే చాలా కాగితాలు చెత్తకుప్పల్లో పోయేవి, నిజమే. కానీ ఒక మనిషి పేరు, ఊరు ఉన్న ఉత్తరాన్ని అతని మనవళ్లకు తెలియకుండా ఎక్కువ పాడినవాడికి అమ్మడం ఇంకో సంగతి. వెంట్రుకల దగ్గర అయితే అమ్మడం మాట అటుంచి, చూపించడమే వివాదం. ఆష్‌విట్జ్‌లో అవి ప్రదర్శనలో ఉన్నాయి. వాషింగ్టన్ మ్యూజియం మాత్రం బతికొచ్చిన కొందరి అభ్యంతరం విని ఫొటోతో సరిపెట్టింది.

అసలైనదా కాదా అన్న చిక్కు కూడా ఉంది. 2000లో టోక్యోలోని ఒక హోలోకాస్ట్ విద్యాకేంద్రానికి ఆష్‌విట్జ్ నుంచి ఒక సూట్‌కేసు వచ్చింది. దాని మీద హనా బ్రేడీ అనే పేరు, 1931 మే 16 అనే తేదీ, "అనాథ" అనే జర్మన్ మాట ఉన్నాయి. కేంద్రం నడిపే ఫుమికో ఇషియోకా ఆ పేరు వెంటపడి, హనా 13 ఏళ్లకే ఆష్‌విట్జ్‌లో చనిపోయిందని, అన్న జార్జ్ కెనడాలో ఉన్నాడని కనుక్కుంది. తరవాత కొన్నేళ్లకు తెలిసిందేమిటంటే, అది నకలు. అసలు సూట్‌కేసు 1984లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఫొటో చూసి మ్యూజియం ఇంకోటి చేయించింది. నకలే కావచ్చు, దాని మీది పేరు నిజం కాబట్టి అన్న దొరికాడు. అయినా అది నకలని ముందే చీటీ అంటించి ఉండాల్సింది.

ఆష్‌విట్జ్‌లో 2003 నుంచి పరిరక్షణ ప్రయోగశాల నడుస్తోంది. అక్కడివాళ్లు చెప్పుకు మెరుగు పెట్టరు, చిరుగు కుట్టరు, చెడిపోవడాన్ని మాత్రం ఆపుతారు. 2016లో వాళ్లు ఎనామిల్ వస్తువుల మీద పనిచేస్తుంటే ఒక మగ్గు అడుగు ఊడివచ్చింది. అది దొంగ అడుగు. తుప్పుపట్టి వదులైన ఆ రేకు కింద ఒక బంగారు ఉంగరం, గుడ్డముక్కలో చుట్టిన గొలుసు ఉన్నాయి. బంగారం మీది ముద్రలు 1921-31 మధ్య పోలండ్‌లో వాడినవి. సొంతదారు ఎవరో తెలుసుకునే గుర్తులేవీ లేవు. గోదాములో వేరుచేసినవాళ్ల కంటికి, ఆ తరవాత మ్యూజియంలో 70 ఏళ్లపాటు ఎవరి కంటికీ అది చిక్కలేదు. పరీక్షలయ్యాక మ్యూజియం ఆ నగలను విడిగా తీసి ప్రదర్శనకు పెట్టలేదు. సొంతదారు దాచిన తీరు తెలిసేలా, అలాగే భద్రపరచాలని నిర్ణయించింది.